మాస్కు సగం, టీకా సగం... కలిస్తే ఎంత?

ప్రశ్న: డిగ్రీలో నా ప్రాజెక్టు అంటువ్యాధుల గణిత నమూనాల మీద. మాస్కు పూర్తిగా ఆపదు, టీకా వేసుకున్నవాళ్లకీ కోవిడ్ వచ్చింది. మరి ఈ రెండూ కలిస్తే వ్యాధి ఆగుతుందని లెక్క ఎలా చెబుతుంది? మా మామ్మ కూడా అదే అడుగుతోంది.
ఒక విద్యార్థిని, గజపతినగరం, విజయనగరం జిల్లా

జవాబు: మీ మామ్మగారు అసలు చోటే పట్టుకున్నారమ్మా. అందరూ ఇక్కడ కూడిక చేస్తారు, చేయాల్సింది గుణకారం. ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి అంటుకుంటుందన్నదే ముఖ్యమైన అంకె, అది ఒకటి కన్నా కిందకి దిగితే చాలు, సున్నా కానక్కర్లేదు.

ఆ అంకె 3 అనుకో, 2020లో వచ్చిన మొదటి రకం కోవిడ్‌కి దాదాపు అంతే. రోగి మాస్కు బయటికొచ్చే వైరస్‌లో మూడోవంతు ఆపుతుంది, ఎదుటి మనిషి మాస్కు లోపలికెళ్లేదాంట్లో ఇంకో మూడోవంతు ఆపుతుంది అనుకుందాం (ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్నవి). అందరూ పెట్టుకుంటే మిగిలేది మూడింట రెండు వంతుల్లో మళ్లీ మూడింట రెండు వంతులు, అంటే తొమ్మిదింట నాలుగు, కాబట్టి 3 కాస్తా 1.33 అవుతుంది. చాలదు. టీకా సోకడాన్ని సగం ఆపుతుందనుకుంటే, మాస్కు లేకుండా ఊరంతా వేసుకున్నా 1.5. అదీ చాలదు. ఇప్పుడు అందరికీ మాస్కు, పదిమందిలో ఆరుగురికి టీకా అని పెట్టి చూడు: ఆరుగురిలో సగం సోకడం ఆగితే పదిలో మూడు తగ్గి మిగిలేది 0.7, 1.33ని దాంతో గుణిస్తే 0.93. వందమంది రోగులతో మొదలైతే పదో విడతకి (ఒకరి నుంచి ఇంకొకరికి అంటడం ఒక విడత) సుమారు యాభైమందే ఉంటారు, అదే 1.33 దగ్గర ఆగిపోతే 1,700 దాటుతారు. నాకైతే ఎన్నిసార్లు వేసినా ఆశ్చర్యమే.

1897లో సికింద్రాబాద్‌లో దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్, తర్వాత లెక్కకట్టి చూపించింది కూడా ఇదే, ప్రతి దోమనీ చంపక్కర్లేదు, ఒక హద్దు కిందకి తెస్తే చాలని. అంటువ్యాధి ఎలా పాకుతుందో చెప్పడానికి 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ రాసిన సమీకరణాలు నీ పుస్తకంలో ఉండే ఉంటాయి, వాటిని వాళ్లు పోల్చి చూసుకున్నది బొంబాయి ప్లేగు మరణాల లెక్కలతో.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఈ నమూనాలో అందరూ అందరితో సమానంగా కలుస్తారు, సిరిమాను పండగ నాటి జనంలా. ఊళ్లో అలా ఉండదు కదా. జిల్లా సగటు బాగున్నా ఒక కొండ ఊరిలో పిల్లలకి టీకాలు అందకపోతే తట్టు అక్కడే రాజుకుంటుంది, ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకునే వ్యాధి అది, దాదాపు 95 శాతం మందికి టీకా పడాలి. అందుకే నీ ప్రాజెక్టులో జనాన్ని ఒకే డబ్బాలో పెట్టకు, టీకా బాగా పడిన ఊరు ఒకటి, పడని ఊరు ఒకటి, మధ్యలో వారానికోసారి సంత, అలా రెండు డబ్బాలుగా చేసి మళ్లీ లెక్క వెయ్యి.