కారు కింద టక టక: 940 పౌండ్ల బిల్లుకు ముందు చూడాల్సినవి

మొన్న ఆదివారం లెస్టర్ నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో ఆడియో పంపాడు. మాటలేమీ లేవు, అరనిమిషం పాటు కారు చప్పుడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ‘టంగ్’మని, గతుకు వచ్చినప్పుడల్లా ‘టక టక’మని. దాని కింద ఒకే లైను: "అన్నా, సస్పెన్షన్ మొత్తం పోయిందంట. 940 పౌండ్లు అడుగుతున్నారు. కారు కొన్నదే 2,100కి. చేయించమంటావా, అమ్మేయమంటావా?"

బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవాళ్ల నుంచి ఇంటి అద్దె గొడవల తర్వాత నాకు ఎక్కువగా వచ్చే సందేహం ఇదే. చదువుకో, ఆసుపత్రి ఉద్యోగానికో వస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి పదేళ్లు దాటిన చిన్న కారు కొంటారు. ఒక చలికాలం గడవగానే కింద నుంచి చప్పుడు మొదలవుతుంది. సస్పెన్షన్ అంటే చక్రాలను బండికి కలిపి గతుకులను తట్టుకునే భాగాలన్నీ. అసలు "సస్పెన్షన్ మొత్తం పోయింది" అనేది ఒక జబ్బు పేరు కాదు. డాక్టరు మనల్ని చూసి "ఒళ్లు మొత్తం పోయింది, ఇంత కట్టండి" అంటే కట్టేస్తామా? ఏ భాగం పోయింది, ఏ పక్కది, ఎంత అరిగింది, ఈ మూడూ చెప్పించుకోకుండా ఒక్క పౌండు కూడా ఇవ్వొద్దు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదే. రెడింగ్ వచ్చిన కొత్తలో, 2010లో, నా మొదటి కారు ఇలాగే టకటకలాడింది. ఒక పెద్ద గ్యారేజీలో ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ, చక్రాన్ని బండికి కలిపి పట్టుకునే కింది ఆర్ములు రెండూ మార్పించాను. 680 పౌండ్లు వదిలాయి. ఇంటికొస్తుంటే మా వీధి మలుపులో మళ్లీ టక టక! వెనక్కి వెళ్లి అడగలేదు. ఇంగ్లీషులో గొడవపడే ధైర్యం అప్పట్లో నాకు లేదు, అదీ సంగతి. నెల తర్వాత ఒక చిన్న షెడ్డులో పంజాబీ మెకానిక్ ఒకాయన కారు కిందకు దూరి, చేతివేలంత లావున్న కడ్డీని పట్టుకుని ఊపాడు. అదే చప్పుడు. ఇక్కడ దాన్ని డ్రాప్ లింక్ అంటారు, మన మెకానిక్‌లు లింక్ రాడ్ అంటారు. రెండు పక్కలా కలిపి 70 పౌండ్లలో తేలిపోయింది.

మెకానిక్ దగ్గరకు వెళ్లకముందే కారు జాతకం ఫోన్‌లో చూసుకోవచ్చు. మూడేళ్లు దాటిన కారుకు ఇక్కడ ఏటా ఎంఓటీ, అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందా అని చూసే పరీక్ష, తప్పదని తెలిసే ఉంటుంది. ఆ పరీక్షల చరిత్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, నంబర్ ప్లేట్ కొడితే చాలు. చాలామంది పాసా ఫెయిలా అని మాత్రమే చూసి మూసేస్తారు. చదవాల్సింది అడ్వైజరీలు, అంటే పాస్ చేస్తూనే "ఇది అరుగుతోంది, కనిపెట్టుకుని ఉండు" అని టెస్టరు రాసే మాటలు. నియర్‌సైడ్ అంటే పేవ్‌మెంట్ వైపు, ఎడమ. ఆఫ్‌సైడ్ అంటే డ్రైవరు వైపు, కుడి. బాల్ జాయింట్‌లో (చక్రాన్ని ఆర్ముకు కలిపే కీలులో) కొద్దిగా ఆట, అంటే వదులు కదలిక, ఉందని ఒక ఏడాది, మళ్లీ తర్వాతి ఏడాది కూడా రాసి ఉంటే ఓనరు దాన్ని ముట్టుకోలేదని అర్థం. ఆ మాట ఉన్నట్టుండి మాయమైతే మార్చిన బిల్లు చూపించమని అడగాలి. ఈ పని కారు కొనే ముందు చేస్తే ఇంకా మంచిది. నిజం చెప్పాలంటే అప్పుడు చేసేవాళ్లు తక్కువ.

తమ్ముడి కారుకు నిరుడు రాసింది చూశాను: ముందు నియర్‌సైడ్ స్ప్రింగ్ తుప్పు పట్టింది. ఆ ‘టంగ్’ ఎక్కడిదో సగం అక్కడే తేలింది. మన వైపు లారీలకు కమాన్ కట్టలు విరగడం చూశాం గానీ, కారు స్ప్రింగ్ విరిగిందంటే వింతగా ఉంటుంది. ఇక్కడ అది మామూలే. చలికాలంలో గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. రాళ్లు తగిలి స్ప్రింగ్ మీద పెయింట్ లేచిన చోట ఆ ఉప్పునీరు చేరి లోహాన్ని తింటుంది. తర్వాత ఏదో ఒక గుంతలో పడి పుటుక్కుమంటుంది. చాలాసార్లు విరిగేది అట్టడుగు చుట్టే. మూడు నాలుగు అంగుళాల ముక్క ఊడి, స్ప్రింగ్ అడుగున ఉండే గిన్నెలోనే కూర్చుంటుంది కాబట్టి పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, టార్చి వేసి, టైరు వెనక స్ప్రింగ్ అడుగు కొస ఎక్కడ ఆగిందో చూడాలి. రెండో పక్కతో పోల్చుకుంటే తేడా దొరుకుతుంది. విరిగిన కొస టైరును కోసే ప్రమాదం ఉంది. అందుకే స్ప్రింగ్ విరిగిందని తేలితే మోటర్‌వే ఎక్కొద్దు.

మిగతా చప్పుళ్లకు కూడా ఎవరి గొంతు వాళ్లదే. చిన్న చిన్న గతుకుల మీద, నెమ్మదిగా పోతున్నప్పుడు టక టక అంటే ముందు లింక్ రాడ్ల మీదే అనుమానం. బ్రేకు వేసినప్పుడో, బండి కదిలినప్పుడో ఒక్కసారి ‘దడ్’మంటే కింది ఆర్ము బుష్‌లు, అంటే దాని కీలు దగ్గరి రబ్బరు తొడుగులు. స్పీడు పెరిగేకొద్దీ పెరిగే ‘గూం’ అనే రొద, మలుపులో హెచ్చుతగ్గులయ్యేది, అసలు సస్పెన్షన్‌దే కాదు, వీల్ బేరింగ్‌ది. ఇన్ని చూసే ముందు డిక్కీ ఖాళీ చేయండి. మా బంధువుల కుటుంబం ఒకటి మూడు వారాలు టెన్షన్ పడింది. చివరికి చూస్తే స్పేర్ టైరు గుంటలో జాకీ వదులైంది.

బండి బరువు మోసేది షాక్ అబ్జార్బరే అని ఒక అపోహ ఉంది. అది బరువు మోయదు, బరువు మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఎగిరెగిరి పడకుండా ఆపడమే షాక్ అబ్జార్బర్ పని. కాబట్టి అరిగితే చప్పుడు కంటే ఊపు ఎక్కువ తెలుస్తుంది. బానెట్ మూల గట్టిగా నొక్కి వదిలితే బండి ఒకసారి పైకొచ్చి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగితే పోయినట్టే. ఊగలేదంటే బాగున్నట్టు కాదు, ఈ పరీక్షకు దొరకని అరుగుదలా ఉంటుంది. టైరు మీద చెయ్యి చుట్టూ పోనిస్తే గుంటలు గుంటలుగా తగులుతుందా? షాక్ అబ్జార్బర్ ఒంటి మీద నూనె తడి కారుతోందా? పైపైన మసక తడికి అప్పుడే మార్చాల్సిన పని లేదు. కారుతుంటే మాత్రం మార్చాల్సిందే.

జాకీ ఎత్తి చేసే పరీక్ష ఒకటుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద తల పెట్టొద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే. చక్రాన్ని గడియారం అనుకుని 12, 6 దగ్గర పట్టుకుని లోపలికీ బయటికీ ఊపాలి. ఆట ఉంటే బాల్ జాయింట్ అయినా కావాలి, వీల్ బేరింగ్ అయినా కావాలి. ఏది? పక్కవాళ్లను బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఆట పోయిందా, బేరింగ్. ఉందా, బాల్ జాయింట్. 3, 9 దగ్గర ఊపితే కదిలేది స్టీరింగ్ వైపు కీలు, ఇక్కడి మాటలో ట్రాక్ రాడ్ ఎండ్. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, ఇక్కడ బేరాలు, వాయిదాలు ఉండకూడదు. లింక్ రాడ్‌ను మాత్రం ఒక్క చక్రం ఎత్తి చూడకూడదు. చక్రం వేలాడితే ఆ కడ్డీ మీద లాగుడు పడి బిగుసుకుంటుంది, అరిగినా ఆట తెలియదు. నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా ఊపాలి. నా 680 పౌండ్లు అక్కడే పోయి ఉంటాయని నా అనుమానం.

ఇక గ్యారేజీ. ‘ఎక్కడ ఆట ఉందో ర్యాంప్ మీద (కారును పైకెత్తే చోట) చూపించండి’ అని అడగండి. ఇది మర్యాద తప్పడం కాదు. నిజాయితీగల మెకానిక్ సంతోషంగా చూపిస్తాడు, ఇన్సూరెన్స్ సాకు చెప్పి లోపలికి రానివ్వకపోతే వీడియో తీసి పంపమనండి. అనుమానం తీరకపోతే కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నడిపే ఎంఓటీ సెంటర్ మీ ఊళ్లో ఉందేమో వెతకండి. వాటిలో చాలావరకు కౌన్సిల్ సొంత బండ్ల కోసం పెట్టినవే, బయటివాళ్లకూ పరీక్ష చేస్తారు, రిపేర్లు చేయరు. ఫెయిల్ చేస్తే వాళ్లకొచ్చే లాభమేమీ లేదు. కారు ఎంఓటీకి గరిష్ఠ ఫీజు 54.85 పౌండ్లు. 940 బిల్లు మీద రెండో అభిప్రాయానికి అది నాకు చవకే అనిపిస్తుంది.

డీలరు దగ్గర కొన్న కారైతే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ఉంది. అమ్మినప్పుడే లోపం ఉంటే 30 రోజుల్లోపు కారు తిరిగి ఇచ్చేసే హక్కు మీది, వయసుకు తగ్గ అరుగుదల మాత్రం లెక్కలోకి రాదు. తమ్ముడు డీలరు కాని ఒక మామూలు మనిషి దగ్గర కొన్నాడు కాబట్టి ఆ దారి అతనికి మూసుకుంది.

యూట్యూబ్ చూసి ఏది చేసుకోవచ్చని అడుగుతారు. లింక్ రాడ్ల వరకూ సరే, తుప్పు పట్టిన నట్టుతో ఒక శనివారం పోయినా పోవచ్చు. స్ప్రింగ్ జోలికి వెళ్లొద్దు. బిగించిన స్ప్రింగ్‌లో ఉన్న బలం మనిషిని చంపగలదు, పైనున్న మధ్య నట్టును ఊరికే విప్పారంటే అంతే. కింది ఆర్ము మార్పిస్తుంటే ఒక్క మాట అడగండి: బుష్ బోల్టులు చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఇస్తారా? చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కిందకు దించాక రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఒక ఇరుసుకు రెండు పక్కలా కలిపి మార్చడం మంచిది. అది దోపిడీ కాదు. ఒక పక్కే పోయిన లింక్ రాడ్‌కు ఆ నియమం అక్కర్లేదు. ట్రాక్ రాడ్ ఎండ్, ఆర్ము, స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) ముట్టుకుంటే వీల్ అలైన్‌మెంట్, అంటే చక్రాలు సూటిగా ఉన్నాయో లేదో, చూపించాలి, ఇక్కడ ట్రాకింగ్ అంటారు. లింక్ రాడ్లకు దాని ఫీజు అడిగితే ఎందుకని అడగండి.

తమ్ముడు టార్చి వేసి ఫోటో పంపాడు. నియర్‌సైడ్ స్ప్రింగ్ అడుగు చుట్టు విరిగి ఉంది. లింక్ రాడ్లు రెండూ వదులు. బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు బాగానే ఉన్నాయి. ఇంటి దగ్గర చిన్న గ్యారేజీలో ముందు స్ప్రింగులు రెండూ, లింకులూ, స్ట్రట్లు విప్పారు కాబట్టి ట్రాకింగ్, అన్నీ కలిపి 310 పౌండ్లు అయింది. పాత ముక్కలు అడిగి తెచ్చుకున్నాడు. నిన్న ఇంకో ఆడియో వచ్చింది. టంగ్ లేదు, టక టక లేదు, ఏదో గలగల మాత్రం ఉంది. డిక్కీ ఖాళీ చెయ్యమన్నాను. విరిగిన స్ప్రింగ్ ముక్క గుర్తుగా దాచుకున్నాడట, అదే దొర్లుతోంది.