వాన పడితే డిష్ సిగ్నల్ పోకుండా ఏం చేయాలి?

జోరువానలో టీవీ బొమ్మ ఆగిపోవడానికి ప్రధాన కారణం డిష్ తడవడం కాదు, సుమారు 2.5 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల కేయూ బ్యాండ్ (ఉపగ్రహం నుంచి డిష్‌కు టీవీ ప్రసారాలు వచ్చే పౌనఃపున్యాల శ్రేణి) తరంగాలను దారిలోని చినుకులు పీల్చుకుని చెదరగొడతాయి కాబట్టి, కుండపోతలో కొద్ది నిమిషాల అంతరాయాన్ని పూర్తిగా తప్పించలేము. అయితే చిన్న తుంపరకే సిగ్నల్ పోతుంటే లోపం మేడ మీదే ఉందని నా అభిప్రాయం. ముందుగా, డిష్ ముందు కడ్డీ చివర ఉండి సిగ్నల్ అందుకునే పరికరమైన ఎల్‌ఎన్‌బీకి కేబుల్ బిగించిన చోట చూడండి: రాగి తీగకు పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆ కొసను కోసి, కొత్త కనెక్టర్ బిగించి, నీరు చొరని టేపును కింది నుంచి పైకి చుట్టండి. గాలికి కదలకుండా నట్లు బిగించి, ఎండ కాసే రోజున సిగ్నల్ నాణ్యత గరిష్ఠంగా వచ్చేలా దిశ సరిచేయించండి. 60 సెంటీమీటర్ల డిష్ బదులు 90 సెంటీమీటర్లది పెడితే, తరంగాలను అందుకునే వైశాల్యం రెండింతలకు పైగా పెరుగుతుంది. ఉరుములప్పుడు మాత్రం మేడ ఎక్కకండి.