పైకప్పులు కనిపిస్తాయి, లోతు కనిపించదు

ప్రశ్న: 2005లో కత్రినా హరికేన్ ముంచెత్తిన న్యూ ఆర్లీన్స్ నగరాన్ని విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలు చూశాను. వీధులన్నీ నల్లగా నీటితో నిండి ఉన్నా, ఇళ్ల కప్పులు చాలావరకు చెక్కుచెదరలేదు. ఇది ఎలా సాధ్యం? ఆ చిత్రాలను బట్టి నీటి లోతు చెప్పగలమా?

జవాబు: ఆ నగరానికి ఎక్కువ నష్టం చేసింది గాలి కాదు, నీరు. ఆగస్టు 29న హరికేన్ తీరం దాటిన రోజే కాలువల వెంబడి కట్టిన వరదగోడలు పలుచోట్ల కూలిపోవడంతో, పాంచర్‌ట్రెయిన్ సరస్సు నీరు పల్లపు పేటల్లోకి చేరి, నగరంలో దాదాపు 80 శాతం మునిగింది. గోడ తెగిన చోటికి దగ్గరలో ఉన్న లోయర్ నైన్త్ వార్డులో మాత్రం ఇళ్లు పునాదుల నుంచే లేచి కొట్టుకుపోయాయి.

వాతావరణం, సముద్రాల సంగతులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా సుమారు 7,500 అడుగుల ఎత్తు నుంచి, కెమెరాను నిట్టనిలువుగా కిందికి పెట్టి ఈ చిత్రాలు తీయించింది. వాటిలో ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద దాదాపు 37 సెంటీమీటర్లకు సమానం. అంటే కారు పొడవు పన్నెండు చుక్కలు. సహాయం కోసం కప్పెక్కి నిలబడిన మనిషి ఒకటి రెండు చుక్కలకు మించడు. ఆ సంగతి తెలిశాక ఆ కప్పులను తేలిగ్గా చూసి దాటిపోలేము.

నిట్టనిలువు చిత్రంలో గోడలు కనిపించవు కనుక, రెండడుగుల నీటిలో ఉన్న ఇల్లూ, చూరు దాకా మునిగిన ఇల్లూ ఒకేలా ఉంటాయి. లోతు తెలియాలంటే నీటి అంచును వెతకాలి. నీరు పొడినేలను తాకిన చోట ఆ నేల ఎత్తెంతో లేజరు కొలతలతో చేసిన పటం చెబుతుంది. నిలిచిన నీటి మట్టం ఒక్కటే కనుక, దానిలోంచి మిగతాచోట్ల నేల ఎత్తును తీసివేస్తే లోతు తేలుతుంది. నీరు ఇంకా పారుతున్నప్పుడు తీసిన చిత్రానికి ఈ లెక్క పనికిరాదు. అలాగే మధ్యలో మెరక గట్టు అడ్డుంటే ఇరువైపులా మట్టం వేరుగా ఉండవచ్చు కనుక ఒక్కో భాగాన్నీ విడిగా లెక్కించాలి. ఆ అంచును అనుసరిస్తూ పోతే, మిసిసిపి నది ఒండ్రు వేసిన మెరక మీద వెలసిన పాత ఫ్రెంచ్ క్వార్టర్ చాలావరకు పొడిగా మిగలడం కూడా కనిపిస్తుంది.

చిత్రం తీసిన తేదీ కూడా తప్పక చూడండి. నీటిని పంపులతో పూర్తిగా తోడేసరికి అక్టోబరు 11 అయింది. ఆ తర్వాతి చిత్రాల్లో వీధులు మామూలుగానే కనిపిస్తాయి. నీరు ఎంతవరకు నిలిచిందో గోడల మీద మిగిలిన చార చూడాలంటే ఏటవాలుగా తీసిన చిత్రాలే కావాలి.