ఏకాగ్రత లోపమా, నిద్ర లోపమా తేలకముందే చదువు మాన్పించకండి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్‌లో ఉంటోంది. ఇంటర్‌లో 965 మార్కులు తెచ్చుకున్న పిల్లకు ఇప్పుడు 4 బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. పుస్తకం ముందు కూర్చోలేకపోతున్నానని, రీల్స్‌లో చెప్పిన ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, నిలకడలేనితనం ఉండే సమస్య) లక్షణాలన్నీ తనకున్నాయని అంటోంది. రోజూ రాత్రి 11 గంటలకు ఫోన్ చేసి చదువుతున్నావా అని అడుగుతూనే ఉన్నాం. సైకియాట్రిస్ట్ దగ్గరకు తీసుకెళ్తే రేపు సంబంధాలకు ఇబ్బంది అవుతుందని నా భార్య భయం. ఇది జబ్బా, బద్ధకమా? బీటెక్ కొనసాగించాలా, మాన్పించి ఏఐ, డేటా సైన్స్ ఆన్‌లైన్ కోర్సులో చేర్పించాలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరు కోర్సుల గురించి అడిగారు గానీ, మీ అసలు భయం అమ్మాయి చేజారిపోతోందన్నదే. ముందు దానికి జవాబు చెబుతాను. రెండో సంవత్సరంలో 4 బ్యాక్‌లాగ్‌లతో ఎవరి భవిష్యత్తూ ముగిసిపోదు. ఇంటర్‌లో అన్ని మార్కులు తెచ్చుకున్న పిల్ల తెలివి రెండేళ్లలో ఎక్కడికీ పోలేదు. పోయింది కాపలా మాత్రమే. మన రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో తెల్లవారుజామున నిద్ర లేపడం నుంచి రాత్రి స్టడీ అవర్స్ ముగిసేదాకా ఏ గంటకు ఏం చదవాలో మరొకరు నిర్ణయిస్తారు. ఫోన్ దగ్గర ఉండదు, వారాంతపు పరీక్ష తప్పదు. తన రోజును తాను నడుపుకోవడం ఒక్కసారి కూడా నేర్పకుండా ఆ పిల్లను ఇంజినీరింగ్ హాస్టల్‌లో దింపి వచ్చాం. చిన్నప్పటి నుంచి ఏడీహెచ్‌డీ ఉన్నవారికి ఆ కట్టుబాటు ఊతకర్రగా పనిచేసి లోపాన్ని కప్పి ఉంచి ఉండవచ్చు; లేనివారికీ అది తీసేశాక కాళ్లు తడబడతాయి. మీ అమ్మాయి ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో ఉత్తరం చదివి నేను చెప్పలేను, రీల్స్ అసలే చెప్పలేవు.

వైద్యులు అనుసరించే ప్రమాణాల ప్రకారం 17 ఏళ్లు నిండినవారిలో ఏకాగ్రత లోపానికి సంబంధించి గానీ, నిలకడలేనితనానికి సంబంధించి గానీ కనీసం 5 లక్షణాలు 6 నెలలకు పైగా ఉండాలి, ఇల్లు, కాలేజీ వంటి రెండు చోట్లయినా కనిపించాలి, వాటిలో కొన్ని 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. నిరుడు మొదలైన సమస్యకు నిద్రలేమి, ఆందోళన, డిప్రెషన్, థైరాయిడ్, రక్తహీనత వంటి వేరే కారణాలు ఉండవచ్చు. ఆడపిల్లల్లో అల్లరి లేకుండా కేవలం పరధ్యానంగానే ఉండే ఏడీహెచ్‌డీ చాలాసార్లు ఎవరి దృష్టికీ రాదు కాబట్టి, ‘చిన్నప్పుడు బుద్ధిగానే ఉండేది’ అని మీకు గుర్తున్నా అదొక్కటే సరిపోదు.

ఇక హాస్టల్ జీవితం. నా దగ్గరకు వచ్చే పిల్లల రోజు దాదాపు ఒకేలా ఉంటుంది. రాత్రి 2 దాటేదాకా ఫోన్, ఉదయం టిఫిన్ మానేసి పరుగు, మొదటి పీరియడ్ పోగొట్టుకోవడం, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం రెండు మూడు టీలు, ఆ తర్వాత రేపు ఇవ్వాల్సిన ల్యాబ్ రికార్డు తెరిచి తేదీ వేసి మళ్లీ ఫోన్ అందుకోవడం. నిద్ర తక్కువ కావడం, ఫోన్ వాడకం మితిమీరడం, వ్యాయామం లేకపోవడం, ఈ మూడూ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో ఏడీహెచ్‌డీ లక్షణాలతో కలిసి కనిపిస్తున్నాయని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే ఒక్కసారి ప్రశ్నాపత్రం నింపించి చేసే సర్వేలు ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చలేవు. నిద్ర చెడితే మనసు నిలవదు; ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో చాలామందికి నిద్ర పట్టడమే ఆలస్యమవుతుంది. అందుకే వైద్యుణ్ని కలవడం, ఏడెనిమిది గంటల నిద్రను గాడిలో పెట్టడం, సాయంత్రం టీ మానడం, రోజూ కాసేపు నడవడం ఒకేసారి మొదలు కావాలి.

ఆన్‌లైన్ కోర్సు విషయంలో నాకు గట్టి సందేహాలున్నాయి. ఏఐకి గిరాకీ ఉండటం నిజమే. కానీ రికార్డు చేసిన వీడియోలను తనంతట తాను చూస్తూ, తానే గడువులు పెట్టుకుంటూ, నోటిఫికేషన్లు వచ్చే తెరపైనే చదవాల్సిన పద్ధతి, ఏకాగ్రత నిలవని విద్యార్థికి అన్నింటికంటే కష్టమైనది. పైగా అందులో పనికొచ్చే గణితం, గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగ్ మీరు మాన్పించాలా అని ఆలోచిస్తున్న బీటెక్‌లోనే ఉన్నాయి. కష్టపడి సంపాదించిన సీటును వదిలేసి డిగ్రీ లేకుండా సర్టిఫికెట్‌తో ఉద్యోగాల వేటకు దిగితే, చాలా కంపెనీల మొదటి వడపోతలోనే ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆ సబ్జెక్టులంటే నిజంగా ఇష్టం లేదని తేలితే బీఎస్సీ, డిజైన్ వంటి దారుల గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

ఒక మాట కఠినంగా చెప్పక తప్పదు. రాత్రి 11 గంటలకు మీరు చేసే ఫోన్ ఆ పిల్ల చదువును కాదు, నిద్రను చెడగొడుతోంది. ‘బద్ధకమా’ అని నన్ను అడిగిన మీరు, ఆమెను ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటారో ఊహించగలను. ఇంకా కుదరని సంబంధం కోసం ఇప్పుడున్న కూతురి చికిత్సను ఆపడం అన్యాయం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆమె వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలి. సాయంత్రం 7 గంటలకు ఫోన్ చేయండి. చదువు సంగతి కాకుండా, ఏం తిన్నావని అడగండి.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో గానీ, తెలిసిన సైకియాట్రిస్ట్ దగ్గర గానీ చూపించండి. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మందు అవసరమో కాదో వైద్యులు నిర్ణయిస్తారు. పరీక్షల ముందు స్నేహితుల దగ్గర ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు తీసుకోవద్దని మాత్రం అమ్మాయికి స్పష్టంగా చెప్పండి. అది గుండె వేగాన్ని, రక్తపోటును పెంచగల మందు, మాదకద్రవ్యాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలో ఉన్నది కూడా. హాజరు 75 శాతం కంటే తగ్గి ఉంటే వైద్య కారణంపై కండొనేషన్‌కు (తక్కువైన హాజరుకు మినహాయింపు) అవకాశం ఉందేమో కాలేజీలో ఇప్పుడే కనుక్కోండి, సెమిస్టర్ చివరిదాకా ఆగవద్దు. వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో దాచిన ప్రాథమిక పాఠశాల ప్రోగ్రెస్ కార్డులు వెంట తీసుకెళ్లండి. వాటిలో టీచర్లు రాసిన వ్యాఖ్యలు ఇంటర్ మార్కుల మెమో కంటే ఆయనకు ఎక్కువ ఉపయోగపడతాయి.