ఎండాకాలానికో టైంటేబుల్

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "ఈ ఎండలు ఎప్పుడు పోతాయో పెద్దమ్మా, తినబుద్ధి కాదు, మంచి బట్ట కట్టబుద్ధి కాదు, అద్దంలో మొహం చూసుకోబుద్ధి కాదు" అన్నావు. ఏసీ గదిలోంచి క్యాబ్‌లోకి, క్యాబ్‌లోంచి ఏసీ ఆఫీసులోకి వెళ్లే నీకే అంత కష్టమైతే, తెనాలిలో కరెంటు పోయినప్పుడల్లా విసనకర్ర అందుకునే మేమేమనాలి? ఫోన్లో చెప్తే ఊఁ ఊఁ అంటూ మెసేజ్‌లు చూసుకుంటావు. అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నా.

ఎండాకాలంలో సుఖాలకేం కొదవ లేదు. కాకపోతే దేని వేళ దానిది. ముంజెలు సాయంత్రం కొంటే సగం ముదిరినవే అంటగడతారు, మల్లెపూలు పొద్దున కొంటే రాత్రి మిగిలిన వాడుపూలే దొరుకుతాయి. నీ ఇబ్బంది ఎండతో కాదు, ఆఫీసు వేళలతో. తొమ్మిదింటికి లేచి, పదకొండింటికి బయటపడి, మిట్టమధ్యాహ్నం ఊరి మీద పడితే ఎండాకాలంలో చెడ్డ భాగం తప్ప నీకింకేం కనిపిస్తుంది? వారానికి రెండు మూడు రోజులు పొద్దున ఆరింటికల్లా లేవగలిగితే మిగతాదంతా నేను చెప్తాను.

ముందు నీళ్ల సంగతి. నీ గదికి ఒక మట్టి కుండ కొనుక్కో. ఫ్రిజ్ ఉందిగా అంటావని తెలుసు. ఫ్రిజ్ నీళ్లు గొంతుకు చల్లగా ఉంటాయి, నాకు మాత్రం దాహం తీరినట్టుండదు. అయినా కుండ విషయంలో మాకంటే హైదరాబాద్ వాళ్లే అదృష్టవంతులు. కుండ గోడల్లోంచి నీరు సన్నగా ఊరి బయట ఆవిరవుతుంది, ఆ ఆవిరి లోపలి వేడిని పట్టుకుపోతుంది. మా కోస్తాలో గాలి నిండా తేమే కాబట్టి ఊరిన నీరు అంత తొందరగా ఆరదు. మీ దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పొడి గాలి కదా, కుండ తన పని తాను శుభ్రంగా చేస్తుంది. మీ కూలర్లు అంత బాగా పనిచేసేదీ అందుకే. కొనేటప్పుడు రంగులు వేసిన కుండ కొనకు. ముగ్గులూ పువ్వులూ చూడముచ్చటగానే ఉంటాయి గానీ రంగు సందుల్ని మూసేస్తుంది, ఇక నీరెలా ఊరుతుంది? తెచ్చిన రోజు నిండా నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచి పారబొయ్యి, మర్నాటి నుంచి తాగు. సబ్బుతో తోమకు, కొబ్బరిపీచుతో రుద్దితే చాలు. కిటికీ పక్కన, గాలి తగిలే చోట, తడి ఇసుక మీద పెట్టు. గుప్పెడు వట్టివేళ్లు కడిగి అందులో వేస్తే నీళ్లకొచ్చే ఆ వాసన ఏ సీసా నీళ్లకూ రాదు. నీళ్లు మాత్రం రోజూ మార్చాలి, వట్టివేళ్లు రెండు మూడు రోజులకోసారి ఎండబెట్టి మళ్లీ వెయ్యి.

ఇక తిండి. పొద్దున్నే చద్దన్నం తిను. నవ్వకు. మీ ఆఫీసులో ఎవరో కొరియా వాళ్ల పులియబెట్టిన క్యాబేజీ గురించి గంట ఉపన్యాసం ఇచ్చారని నువ్వే చెప్పావు, చద్దన్నం మాత్రం నీకు నామోషీ! రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి కాస్త పెరుగు తోడువేసి మూతపెట్టు. పొద్దుటికి తోడుకుని ఉంటుంది. కల్లుప్పు, ఒక పచ్చిమిరపకాయ, చిన్న ఉల్లిపాయ నంజుకో. మధ్యాహ్నం దాకా ఆకలి మాట ఎత్తవు. క్యాంటీన్లో పూరీలు తిని పన్నెండింటికి ఆవులించడం కంటే ఇది ఎంతో నయం.

సాయంత్రం ఇంటికి రాగానే కాఫీ జోలికి వెళ్లకుండా మజ్జిగ చేసుకో. పెరుగు పుల్లగా ఉన్నా పర్వాలేదు, ఎక్కువ నీళ్లు పోసి చిలికి, దంచిన అల్లం, నలిపిన కరివేపాకు, ఉప్పు వెయ్యి. తాగే ముందు నిమ్మరసం పిండుకో. సబ్జా గింజలు వేసుకునేటట్టయితే పావుగంట ముందే విడిగా నీళ్లలో నానబెట్టాలి. పొడి గింజలు గ్లాసులో వేసుకుని తాగేసేవాళ్లను చూశాను, గొంతులో ఉబ్బితే అప్పుడు తెలుస్తుంది.

ముంజెలు ఎలా కొనాలో మీ అమ్మ నీకు నేర్పలేదు, దానికి ఆ ఓపిక ఎప్పుడూ లేదు. వలిచి పెట్టినవి కొనకు. పొద్దున్నే బండి దగ్గరికెళ్లి కాయ నీ ఎదురుగానే కొట్టించుకో. కాయకు మామూలుగా మూడు కళ్లుంటాయి. వేలితో నొక్కితే లేతది మెత్తగా కదులుతుంది, లోపల నీళ్లున్నాయని తెలుస్తుంది. గట్టిగా తగిలితే పక్కన పెట్టెయ్, అది అరగదు, కడుపునొప్పి తెస్తుంది. బొటనవేలు కన్నులో గుచ్చి చుట్టూ తిప్పి జుర్రుకోవాలి. మొదటిసారి మొహం మీదికి చిమ్ముతుంది, చిమ్మనీ. పైన ఉండే తొక్క పారెయ్యకు, వీపు మీదా మెడ దగ్గరా చెమటకాయలుంటే దాంతో రుద్దుకో, చల్లగా ఉంటుంది. అంతకు మించి మందులేమీ అక్కర్లేదు, వదులుగా నూలు బట్ట కట్టుకుంటే వాటంతటవే పోతాయి.

మామిడిపళ్ల దగ్గర మాత్రం నేను ఎవరి మాటా వినను. బంగినపల్లికి 2017లో జీఐ గుర్తింపు, అదే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చిందని పేపర్లో చదివాను, సంతోషం. కోసుకుని పళ్లెంలో పెట్టుకుని, ఫోర్కుతో తింటూ ల్యాప్‌టాప్ చూసుకునేవాళ్లకు అది మంచి పండు. నా ఓటు మాత్రం చిన్న రసాలకే. రసాలను చాకుతో కోస్తే పాపం. ముందు అరగంట నీళ్లలో నానబెట్టు. తొడిమ దగ్గరి సొన పెదాలకు తగిలితే మంట పుట్టి పుండు పడుతుంది, అందుకని తొడిమ ఊడదీసి మొదటి నాలుగు చుక్కలు పిండి పారబొయ్యి. తర్వాత పండును రెండు అరచేతుల మధ్య మెల్లగా పిసుకుతూ తిప్పు, తొందరపడితే పక్కన చిట్లుతుంది. లోపల గుజ్జంతా కదిలిందనిపించాక నోట్లో పెట్టుకో. మోచేతి దాకా కారుతుంది కాబట్టి పాత బట్టలతో, పెరట్లోనో బాల్కనీలోనో కూర్చుని తినాలి. ఇది స్నానానికి ముందు చేసే పని.

నిగనిగలాడే పసుపుతో కాయంతా ఒకే రంగులో ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేకపోతే కొనకు. కార్బైడ్ అనే రసాయనంతో మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధమే, అయినా చేసేవాళ్లు చేస్తూనే ఉన్నారు. కాస్త దోరగా ఉన్న కాయలే కొని బియ్యం డబ్బాలో పెట్టుకో. రోజూ మూత తీసి వాసన చూడటం కూడా ఒక సరదా.

బట్టల దగ్గరికొస్తే, నువ్వు పోయినసారి వేసుకొచ్చిన కుర్తా బాగుంది గానీ అది పాలిస్టర్. ఎండలో పాలిస్టర్ వేసుకుని, చెమట పట్టిందని పౌడర్ పూసుకునేవాళ్ల మీద నాకు జాలి లేదు. మంగళగిరి నూలు గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది, సన్నటి జరీ అంచున్నది తీసుకుని వదులుగా కుర్తాలు కుట్టించుకో. ఎప్పుడైనా చీర కట్టాలనిపిస్తే మంగళగిరి గానీ, లేత రంగు వెంకటగిరి గానీ కట్టు. పాత పద్ధతి గద్వాల చీర కూడా ఒళ్లంతా నూలే, అంచూ కొంగే పట్టు కాబట్టి పెళ్లికెళ్లినా ఉక్కపోయదు. పొందూరు ఖద్దరు కొనే స్తోమత వచ్చినప్పుడు ఒక్కటైనా కొనుక్కో. ఆ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారంటే నువ్వు నమ్మవు, ఇప్పటికీ చేస్తారు.

అయితే పైన నూలు చీర కట్టి లోపల శాటిన్ లంగా వేసుకుంటే డబ్బు దండగ. లంగా, జాకెట్టు లైనింగూ కూడా నూలువే ఉండాలి. మీ టైలరు "నూలు లైనింగ్ ముడుచుకుపోతుంది మేడమ్" అంటాడు. తడిపి ఆరబెట్టాక కుట్టమను, ముడుచుకోదు.

గంజి నువ్వు సీసాల్లో కొంటున్నావని విన్నాను. కుక్కర్ వచ్చాక ఇళ్లల్లో గంజి కరువైంది నిజమే. రెండు చెంచాల సగ్గుబియ్యం ఎక్కువ నీళ్లలో పలచగా ఉడికించి, పాత పంచె ముక్కలో వడగట్టు. అసలు కిటుకు ఆ వడగట్టడంలోనే ఉంది, లేకపోతే నల్ల చీర మీద తెల్ల చారలొస్తాయి. ఎండాకాలంలో గంజి పలచగానే ఉండాలి. అట్టముక్కలా బిగుసుకుంటే గాలి లోపలికెలా పోతుంది? నీడలో ఆరేసి, కాస్త చెమ్మగా ఉన్నప్పుడే ఇస్త్రీ చెయ్యి.

ఇక నీ మొహం సంగతి. ఫోన్లో చూసి ట్యాన్ పోవాలని నిమ్మచెక్క రుద్దుకున్నానన్నావు. ఆ పని మళ్లీ చెయ్యకు. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలొచ్చి నల్లమచ్చలు పడతాయి, అవి నెలల తరబడి పోవు. నిమ్మకాయ మజ్జిగలో పిండుకోవడానికి. పగలు బయటికెళ్తే సన్‌స్క్రీన్ రాసుకో, ఎక్కువసేపు ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాసుకో. మా కాలంలో అవి లేవు కాబట్టి వద్దనే ముసలిదాన్ని కాను నేను. గొడుగు కూడా వేసుకో, గొడుగు వేసుకుంటే ముసలివాళ్లలా కనపడతామన్న పిచ్చి ఒకటి మీ వాళ్లకు.

నాకు ఇష్టమైన వేళ సాయంత్రం ఆరున్నర. అప్పటి స్నానానికి సున్నిపిండి ఉండాలి. పెసలు ఎక్కువ, శనగపప్పు అందులో సగం, గుప్పెడు బియ్యం, ఎండిన గులాబీ రేకులు, నాలుగు కచ్చూరాలు, చిటికెడు పసుపు కలిపి మరపట్టించాను, పంపుతున్నాను. పెరుగులో గానీ పాలలో గానీ తడిపి ఒంటికి రుద్దుకో, పూర్తిగా ఆరనివ్వకు. ఆదివారం మాత్రం నువ్వులనూనె పెట్టుకుని కుంకుడుకాయలతో తలంటుకో. కాయలు కొట్టి గింజలు తీసి, వేడినీళ్లలో నాలుగు మందారాకులు కూడా వేసి నానబెట్టు. కళ్లు మండుతాయి. మండితే కాసింత ఉప్పు నోట్లో వేసుకోమనేది మా అమ్మ. ఎందుకో ఏమిటో ఆవిడకే తెలియాలి, మేం మాత్రం వేసుకునేవాళ్లం.

స్నానం అయ్యేసరికి మల్లెపూలు సిద్ధంగా ఉండాలి. ఐదింటి ప్రాంతంలో మొగ్గలుగా ఉన్నప్పుడే కొను. మాలను రెండు వేళ్లతో పైకెత్తి చూడు, దారం కనబడకుండా దగ్గర దగ్గరగా కట్టి ఉండాలి. మూర లెక్కనే కదా అమ్మేది, అందుకే నేనెప్పుడూ చేతులు పొడుగ్గా ఉన్నావిడ దగ్గరే కొంటాను! తడిపి పిండిన గుడ్డలో చుట్టి ఉంచు, నీళ్లు చిలకరిస్తే రేకులు మచ్చలు పడతాయి. మధ్యలో రెండు మరువం రెమ్మలుంటే ఇంకా బాగు. నువ్వు జుట్టు కత్తిరించేసుకున్నావు కాబట్టి జడ లేదని వంక పెట్టకు. చిన్న క్లిప్పుకు జానెడు మాల చుట్టుకున్నా చాలు, చీకటి పడేసరికి ఒక్కొక్కటే విచ్చుకుంటూ వాసన మొదలవుతుంది. ఏడేళ్లప్పుడు నీకు పూలజడ కుట్టి స్టూడియోకి తీసుకెళ్తే కుర్చీ ఎక్కనని ఏడ్చి గోల చేశావు. ఆ ఫోటో నా బీరువాలోనే ఉంది, నీ పెళ్లి కుదిరాక బయటికి తీస్తాను.

రాత్రి మేడ మీద కాసేపు కూర్చోండి నువ్వూ నీ రూమ్మేటూ. డాబా పగలంతా కాగి ఉంటుంది కాబట్టి పొద్దు వాలగానే రెండు బకెట్లు నీళ్లు చల్లితే ఎనిమిదింటికి చల్లబడుతుంది. మీ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ నీళ్లు వృథా అని అరిస్తే మానెయ్యండి, చాప పరుచుకుని తొమ్మిది దాటాక కూర్చున్నా చాలు.

ఒక్కటి మాత్రం సరదా కాదు, జాగ్రత్త. కళ్లు తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, ఒళ్లు కాలిపోతూ చెమట ఆగిపోయినా చిట్కాలు పెట్టుకు కూర్చోకు. నీడలోకి వెళ్లి ఒంటి మీద తడిగుడ్డ వేసుకుని, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమను. మెలకువగా ఉంటేనే ఓఆర్ఎస్ తాగు.

ఆవకాయ పెట్టాను. బేసిన్ అడుగున మిగిలిన కారంలో వేడన్నం, నువ్వులనూనె వేసి కలిపి తలా ముద్ద పెడుతుంటే మీ అమ్మ నీ పేరెత్తి వాటా అడిగి అదే తినేసింది. మూడోరోజు తిరగకలిపాను, నూనె పైకి తేలింది. మొదటి వారం ముద్దపప్పూ నెయ్యీ కలుపుకుని తిను, లేకపోతే నోరు మండుతుంది. తడి గరిటె పెట్టకు.

మీ పెదనాన్న ఆదివారం పొద్దున బండికి వస్తున్నారు. ఆవకాయ డబ్బా, సున్నిపిండి, చిన్న రసాల బుట్ట ఆయన చేతికే ఇస్తున్నాను. బుట్టలో పైవరస రెండు రోజుల్లో మాగుతుంది, కిందివి వారం ఆగుతాయి, ఆ వరసలోనే తినండి. ఆయన మోకాళ్లు ఇంకా సరిగా లేవు, మొహమాటపడి తనే మోస్తానంటారు. నువ్వు ప్లాట్‌ఫామ్ మీదికే వచ్చి బరువులన్నీ అందుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ