చదువు పెరిగితే లంచం తగ్గుతుందా?

చదువుకున్నవారి సంఖ్య పెరిగితే అవినీతి దానంతట అదే తగ్గుతుందా అని మీరు అడిగారు. విశాఖపట్నంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు వచ్చేవారికి చాలా కాలం దస్తావేజు లేఖరిగా పనిచేసిన నేను గమనించినంతలో, చదువు వల్ల లంచం ఇవ్వడానికి గల కారణం మారుతుందే తప్ప, ఇవ్వడం ఆగదు.

తండ్రి ఇంటిని పంచుకోవడానికి జాలరిపేట నుంచి వచ్చిన అన్నదమ్ములు ఏ కాగితం తక్కువైందో తెలియక లంచం ఇచ్చేవారు. మధురవాడలో ఫ్లాట్ కొనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఈసీ (ఆస్తిపై ఉన్న లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తానే తీసుకుని, కాగితాలన్నీ సరిచూసుకుని వస్తాడు. అయినా మరో రోజు సెలవు పెట్టడం ఇష్టం లేక, "ఖర్చులన్నీ కలిపి ఎంతవుతుందో చెప్పేయండి" అని తానే అడుగుతాడు. గట్టిగా బేరమాడేది ఆ అన్నదమ్ములే.

లంచం పుచ్చుకునే అధికారుల విషయానికి వస్తే, పోటీ పరీక్ష రాసి చట్టాన్ని క్షుణ్ణంగా చదివి వచ్చినవారికి కొర్రీ (ఏదో ఒక అభ్యంతరం) వేయడం మరింత సులువు. అయితే ఆ కొర్రీ దాదాపు ఎప్పుడూ నోటిమాటగానే ఉంటుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 71వ సెక్షన్ ప్రకారం, దస్తావేజును తిరస్కరించే సబ్ రిజిస్ట్రార్ అందుకు కారణాలను 2వ నంబరు పుస్తకంలో నమోదు చేయాలి, కక్షిదారు కోరితే వాటి నకలును రుసుము లేకుండా ఇవ్వాలి. ఆ తిరస్కరణపై సాధారణంగా 30 రోజుల్లోగా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు. గాజువాకలో టిఫిన్ కొట్టు నడిపే, పదో తరగతితో చదువు ఆపేసిన ఒకావిడకు ఈ సంగతి కోర్టులో గుమస్తాగా పనిచేసే తమ్ముడి ద్వారా తెలుసు. "కుదరదంటే ఆ మాటే రాసివ్వండి బాబూ" అని ఆవిడ నిలబడితే, పైసా ఇవ్వకుండానే ఆ మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంజనీర్లలో అలా అడిగినవారిని నేను చూడలేదు.

అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవారికి కూడా ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చని, ఒత్తిడికి లొంగి ఇచ్చినవారు 7 రోజుల్లోగా ఫిర్యాదు చేస్తే రక్షణ ఉంటుందని చెప్పినా, "మనకెందుకండీ ఆ గొడవ" అన్నవారిలో పెద్ద చదువుల వారే ఎక్కువ.

ఇక చదువే లంచంతో మొదలయ్యే సందర్భాలున్నాయి. కాపిటేషన్ ఫీజును (సీటు కోసం కాలేజీలు అసలు ఫీజుకు పైన వసూలు చేసే డబ్బును) మన రాష్ట్రంలో 1983లోనే చట్టం నిషేధించినా, కొడుకు సీటుకు రశీదు లేని డొనేషన్ కట్టడం కోసం స్థలం అమ్ముకున్న తల్లిదండ్రుల విక్రయ దస్తావేజులు నా చేత్తోనే రాశాను. ఆ డబ్బు దేనికో పక్కనే కూర్చున్న పిల్లవాడికి కూడా తెలుసు.