ఫిల్లింగ్ గట్టిగానే ఉంది, అతుకు ఎందుకు వదిలింది? పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: కొన్నేళ్ల కిందట పన్ను రంగులో ఉండే ఫిల్లింగ్ చేయించుకున్నాను. ఇప్పుడు దాని అంచు వెంట గోధుమరంగు గీత కనిపిస్తోంది. అడుగున మళ్లీ పుచ్చు మొదలైందని, ఫిల్లింగ్ మార్చాలని డాక్టరు గారు చెప్పారు. కానీ ఫిల్లింగ్ మాత్రం చెక్కుచెదరలేదు. విమాన భాగాలను సైతం జిగురుతో అతికిస్తున్న ఈ కాలంలో పంటికి ఎక్కువ కాలం నిలిచే జిగురును ఎందుకు తయారు చేయలేకపోతున్నారు?

సమాధానం: అంచున గీత కనిపించినంత మాత్రాన ప్రతిసారీ పుచ్చు ఉన్నట్లు కాదు. కొన్నిసార్లు అది పైపై మరక మాత్రమే కావచ్చు కాబట్టి, పరీక్షించి చూసిన డాక్టరు మాటే ఇక్కడ ప్రమాణం. ఇక మీ అసలు సందేహానికి వస్తే, కాంపోజిట్ అని పిలిచే ఈ పన్ను రంగు ఫిల్లింగుల్లో తరచుగా ముందు బలహీనపడేది పైన కనిపించే పదార్థం కాదు, దాన్ని పంటికి పట్టి ఉంచే పలుచని రెజిన్ (ద్రవంగా పూస్తే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పొర. దంతవైద్యులు బాండింగ్ అని పిలిచే ఈ పొర మందం సాధారణంగా కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) నుంచి కొన్ని పదుల మైక్రాన్ల వరకే ఉంటుంది. విమాన భాగాలను అతికించేవారు ఉపరితలాన్ని పూర్తిగా ఆరబెట్టి, తగిన వేడి, ఒత్తిడి ఇచ్చి తీరిగ్గా గట్టిపరచగలరు. దంతవైద్యుడు మాత్రం నిరంతరం తేమ ఊరే సజీవ కణజాలం మీద, కొన్ని సెకన్ల నీలి కాంతితో ఆ పని ముగించాలి.

పంటి పైపొర అయిన ఎనామెల్‌తో పెద్ద ఇబ్బంది లేదు. దాని బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. ఫాస్ఫారిక్ ఆమ్లం తాకిస్తే దాని ఉపరితలం సూక్ష్మంగా గరుకుదేరి, రెజిన్ ఆ సందుల్లోకి దిగి పట్టు దొరుకుతుందని 1955లోనే మైఖేల్ బ్యునకోర్ చూపించాడు. ఆయన వాడిన 85 శాతం గాఢత ఇప్పుడు 37 శాతం ప్రాంతానికి తగ్గినా సూత్రం మారలేదు.

చిక్కంతా ఎనామెల్ కింద ఉండే డెంటిన్‌తోనే. అందులో బరువు ప్రకారం ఖనిజం సుమారు 70 శాతం, సేంద్రియ పదార్థం 20 శాతం (అందులో అధికభాగం కొల్లాజెన్ అనే పోగుల్లాంటి ప్రొటీన్), మిగిలినది నీరు. పైగా పంటి లోపలి గుజ్జు నుంచి బయలుదేరే అతిసన్నని గొట్టాల్లో ద్రవం ఉంటుంది కాబట్టి డెంటిన్‌ను పూర్తిగా ఆరబెట్టడం సాధ్యం కాదు, చేయకూడదు కూడా. ఆమ్లం ఖనిజాన్ని కరిగించాక మిగిలే కొల్లాజెన్ పోగులు, నీటిలో విడివిడిగా తేలే వెంట్రుకలు బయటికి తీయగానే అట్టకట్టినట్లు, గాలి ఎక్కువగా తగిలితే ఒకదానిపై ఒకటి కూలిపోతాయి. అప్పుడు రెజిన్ లోపలికి పోలేదు. తడిగా వదిలేస్తే పోగుల మధ్య నీరు నిలిచిపోతుంది. రెజిన్ ఈ పోగుల్లోకి చొరబడి గట్టిపడితే ఒక మిశ్రమ పొర ఏర్పడుతుందని 1982లో జపాన్‌కు చెందిన నకబయాషి బృందం వివరించింది. దాన్నే హైబ్రిడ్ పొర అంటున్నారు. సిద్ధాంతరీత్యా రెజిన్ ప్రతి పోగునూ కప్పాలి. ఆచరణలో అడుగుభాగాన కప్పు లేని పోగులు కొన్ని మిగిలిపోతాయి.

ఇక్కడి నుంచి క్షయం రెండు వైపులా సాగుతుంది. తడి డెంటిన్‌లోకి వెళ్లడానికి రెజిన్‌లో హెమా వంటి నీటితో కలిసే మోనోమర్లను (గట్టిపడేటప్పుడు గొలుసుల్లా కలిసిపోయే చిన్న అణువులను) చేరుస్తారు. ఆ గుణమే గట్టిపడిన తర్వాత కూడా పొర నీటిని పీల్చుకునేలా చేస్తుంది. 1962లో రఫాయెల్ బోవెన్ పేటెంటు పొందిన బిస్-జీఎంఏతో సహా, ఈ రెజిన్లలో వాడుకలో ఉన్న మెథాక్రిలేట్ రకం మోనోమర్లన్నింటిలోనూ ఎస్టర్ అనే రసాయన బంధాలు ఉంటాయి. నీరు వీటిని నెమ్మదిగా తెంచుతుంది, లాలాజలంలోని ఎస్టరేజ్ ఎంజైములు ఆ పనిని వేగవంతం చేస్తాయి. పుచ్చుకు కారణమయ్యే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ బ్యాక్టీరియాకు కూడా ఈ శక్తి ఉందని ప్రయోగశాలల్లో తేలింది. మరో వైపు డెంటిన్‌లోనే అణగి ఉండే మాట్రిక్స్ మెటలోప్రొటీనేజ్ ఎంజైములు ఆమ్లం తాకగానే చురుకెక్కి, కప్పు లేని కొల్లాజెన్ పోగులను కత్తిరిస్తాయి. బ్యాక్టీరియా లేకపోయినా ఈ నష్టం జరుగుతుందని డేవిడ్ పాష్లే బృందం 2004లో చూపినప్పటి నుంచి పరిశోధనల దారి మారింది. వీటికి తోడు కాంపోజిట్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుని, ఆ పొరను మొదటి రోజు నుంచే లాగుతూ ఉంటుంది.

ప్రశ్న: ఈ జిగురు పొర మన్నిక పెంచడానికి ప్రస్తుతం ఏయే ప్రయత్నాలు జరుగుతున్నాయి? వాటిలో నమ్మదగినవి ఏవి?

సమాధానం: ఇప్పటికే వాడుకలో స్థిరపడినది 10-ఎండీపీ అనే ఫాస్ఫేట్ మోనోమర్. జపాన్ సంస్థ కురారే దీన్ని 1980ల ఆరంభంలో రూపొందించింది. ఇది పంటి ఖనిజంలోని కాల్షియంతో నీటిలో అంత తేలికగా కరగని లవణాన్ని ఏర్పరుస్తుంది. దీన్ని మృదువైన ఆమ్లత గల బాండింగులలో వాడినప్పుడు కొల్లాజెన్ చుట్టూ కొంత ఖనిజం మిగిలి రక్షణగా ఉంటుంది. నా దృష్టిలో గత నాలుగు దశాబ్దాల్లో మన్నికకు అత్యధికంగా తోడ్పడిన రసాయనం ఇదే.

ఎస్టర్‌కు బదులు నీటికి తట్టుకునే అమైడ్ బంధాలున్న మెథాక్రిలమైడ్లను తయారు చేయడం మరో మార్గం. ఇవి ఎక్కువ కాలం నిలుస్తాయి గానీ, వీటిలో చాలావాటికి మెథాక్రిలేట్లంత వేగంగా గట్టిపడే గుణం లేదు. ఎంజైములను అణచడానికి ఆమ్లం కడిగిన తర్వాత క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశకం పూయడం చాలా కాలంగా పరీక్షలో ఉంది. అది రసాయనికంగా బంధింపబడదు కనుక క్రమంగా కొట్టుకుపోతుంది. ద్రాక్షగింజల నుంచి తీసిన ప్రోఆంథోసయానిడిన్లు కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసి బలపరుస్తాయి. కానీ అవి రంగు తెస్తాయి, రెజిన్ గట్టిపడటానికీ అడ్డుపడతాయి. నీటి స్థానంలో ఇథనాల్ నింపి, నీటిని ఇష్టపడని రెజిన్‌ను దింపే పద్ధతి ప్రయోగశాలలో మంచి ఫలితాలిచ్చింది. అందులోని అంచెలంచెల పని రోగి నోరు తెరుచుకుని కూర్చున్న సమయంలో ఇమడదు. ఎండీపీబీ వంటి బ్యాక్టీరియా నిరోధక మోనోమర్లు గట్టిపడిన రెజిన్‌లోనే నాటుకుని ఉంటాయి కాబట్టి కొట్టుకుపోవు. అయితే అవి తాకిన సూక్ష్మజీవులపైనే పనిచేస్తాయి, లాలాజలపు ప్రొటీన్లు పైన పొరకట్టితే ఆ ప్రభావమూ తగ్గుతుంది.

కొత్త బాండింగ్ గురించి చదివేటప్పుడు ఒక సంగతి గమనించండి. అతికించిన 24 గంటల తర్వాత కొలిచిన బలం మన్నికను గురించి చెప్పేది చాలా తక్కువ. 5, 55 డిగ్రీల సెల్సియస్ నీటిలో మార్చి మార్చి వేల సార్లు ముంచిన తర్వాత, లేదా ఏడాది పాటు నీటిలో నిల్వ ఉంచిన తర్వాత ఎంత బలం మిగిలిందో చెప్పని అంకెలకు నేను పెద్దగా విలువ ఇవ్వను.

ప్రశ్న: అన్ని దశలూ ఒకే సీసాలో ముగిసే యూనివర్సల్ బాండింగులు పాతవాటికంటే మెరుగైనవేనా?

సమాధానం: వాడటానికి సులువు, అది నిజం. అయితే ఒకే సీసాలో ఆమ్ల మోనోమర్, నీరు, ద్రావణి కలిసి ఉంటాయి. గాలితో తగినంతగా ఆరబెట్టకపోతే ఆ నీరు పొరలోనే చిక్కుకుని, డెంటిన్ నుంచి తేమ దాటిపోయే దారి అవుతుంది. ఎనామెల్ అంచులకు మాత్రం విడిగా ఫాస్ఫారిక్ ఆమ్లం తాకించి, డెంటిన్‌కు ఎండీపీ ఉన్న బాండింగ్ వాడటం ఇప్పుడు చాలామంది నిపుణులు ఇష్టపడే పద్ధతి. పైన నీటిని ఇష్టపడని రెజిన్ పొర మరొకటి వేస్తే ఇంకా మేలు.

ప్రశ్న: ఇంత అవస్థ ఎందుకు? పాత వెండి ఫిల్లింగే వేయించుకోవచ్చు కదా?

సమాధానం: వెండి ఫిల్లింగుకు, అంటే అమాల్గంకు, బాండింగ్ అవసరం లేదు, అది గుంత ఆకారం వల్లే నిలుస్తుంది. అందుకోసం ఆరోగ్యకరమైన పంటిని కూడా కొంత చెక్కవలసి వస్తుంది. అందులో పాదరసం ఉన్నందున 2013 మినమాటా ఒప్పందం దాని వాడకాన్ని తగ్గించమని కోరింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి నుంచి, వైద్యపరంగా తప్పనిసరైన సందర్భాలు మినహా, దాన్ని నిలిపివేసింది. జిగురు మన్నిక ఇంత ముఖ్యమైన ప్రశ్న కావడానికి ఇదీ ఒక కారణం. గ్లాస్ అయనోమర్ సిమెంటు తనంతట తానే పంటి కాల్షియంతో బంధం ఏర్పరుచుకుంటుంది, చిగుళ్ల దగ్గరి గుంతల్లో బాగా నిలుస్తుంది. నమిలే ఒత్తిడి ఎక్కువగా పడే చోట మాత్రం దాని దృఢత్వం కాంపోజిట్‌కు సరితూగదు.

ప్రశ్న: ఫిల్లింగ్ చేసేటప్పుడు పంటి చుట్టూ రబ్బరు తెర కట్టారు. అది తప్పనిసరా?

సమాధానం: లాలాజలం, రక్తం, ఊపిరిలోని తేమ బాండింగ్‌లో కలవకుండా ఆపడానికే ఆ తెర. దూదితోనూ పంటిని పొడిగా ఉంచవచ్చు గానీ, వెనుక దంతాల దగ్గర అది కష్టం. తెర కట్టే డాక్టరు దొరికితే కాస్త అసౌకర్యం భరించండి.